రెండు కార్లకీ ఒకటే ట్యాపెట్

షెడ్డుల వీధిలో చెవి మేస్త్రి అంటే తెలియనివాళ్ళు లేరు. కారు బానెట్ ఎత్తి, పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనని ఇంజను మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి అదిమిపెట్టి ఆయన కళ్ళు మూసుకున్నాడంటే, ఎంత ముదిరిన రోగమైనా బయటపడాల్సిందే. "మూడో సిలిండర్. ట్యాపెట్ వదులైంది, వాల్వు దగ్గర టిక్కుమంటోంది" అనేవాడు గొంతు పెంచకుండా. విప్పి చూస్తే సరిగ్గా అదే. పక్క షెడ్లవాళ్ళు కూడా ఏదైనా తేలకపోతే ఆయనకి కబురు పెట్టేవాళ్ళు. అసలు పేరు ఎప్పుడో మరుగున పడిపోయింది. చెవి మేస్త్రి అన్నదే మిగిలింది.

అంత పేరు మోసిన చెవులకి మనుషుల మాటలు వినపడటం తగ్గిపోయి చాలాకాలమైంది. ఈ సంగతి భూమ్మీద ఒక్కడికే తెలుసు, మేస్త్రికి. ఇప్పుడు మీకూ చెప్పేశాను కాబట్టి కాస్త గుట్టుగా ఉంచండి.

మరి షెడ్డులో ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చాడంటారా, అదో చిత్రం. సుత్తుల మోత, కంప్రెసర్ రొద, ఆ గోలలో ప్రతివాడూ అరిచే మాట్లాడతాడు. అరిస్తే ఆయనకి బాగానే తెలుస్తుంది, తెలియంది పెదవులు చూసి పోల్చుకుంటాడు. ఇంజను మాట ఎముక గుండా నేరుగా లోపలికి వెళ్ళిపోతుంది, దానికి చెవితో పనే లేదు. పైగా చెవుడున్నవాళ్ళు గట్టిగా అరుస్తారని కదా లోకం అనుకునేది. ఈయన మాట మెత్తన. తన గొంతు తనకే తల లోపల గంట కొట్టినట్టు మోగుతుంటే ఇంకా పెంచి ఏం చేసుకుంటాడు? అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

దాచడం దేనికంటే, వాళ్ళ నాన్న వల్ల. ఆయనా అదే షెడ్డులో మెకానిక్కే. నడివయసులోనే చెవులు పోయాయి. అప్పటినించీ ఆయన గేటు పక్క మూలలో కూచుని టైర్లకి గాలి కొట్టేవాడు. షెడ్డు మొత్తంలో ఎవరి మాటా వినక్కర్లేని పని అదొక్కటే. పనివాళ్ళు ఆయన వెనక నిలబడి ఏదో ఒకటి అని నవ్వుకునేవాళ్ళు. ఆయన వెనక్కి తిరిగి, సంగతేమిటో తెలియకుండానే వాళ్ళతో పాటు నవ్వేవాడు. ఆ నవ్వు మేస్త్రి గుండెల్లో ములుకులా దిగిపోయింది. తనకీ అదే మొదలైందని తెలిసిన రోజునే, ప్రాణం పోయినా ఇది బయటికి పొక్కకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. పొక్కిందా, ఓనరు తనకీ ఆ మూలే చూపిస్తాడు. అదీ ఆయన భయం.

ఇదిలా ఉండగా లాక్‌డౌన్ వచ్చిపడింది. షెడ్లకి షట్టర్లు పడ్డాయి. వీధి మూగబోయింది. ఊరంతా బిక్కుబిక్కుమంటూ తలుపులేసుకుంది. ఆ సద్దు లేని ఇంట్లో, పాపం, మేస్త్రి పట్టుబడిపోయాడు. ఇక్కడ అరిచేవాళ్ళెవరూ లేరు. అందరూ మామూలుగా, హాయిగా, ఒకళ్ళకేసి ఒకళ్ళు చూసుకోకుండా మాట్లాడుకుంటారు.

ఇంట్లో నలుగురు. భార్య బట్టల షాపులో కౌంటర్ దగ్గర పనిచేసేది, ఆ షాపూ మూసేశారు. కూతురిది ఒక ఫోన్ కంపెనీలో ఫిర్యాదులు వినే ఉద్యోగం, ఇప్పుడు అదే పని పడగ్గదిలో కూచుని చేస్తోంది. ఇక నాలుగో మనిషి అత్తగారు. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ చేయించుకుని, నాలుగు రోజులుండి పోదామని కూతురింటికి వచ్చి, వచ్చినావిడ వచ్చినట్టే ఇరుక్కుపోయింది. రెండో కన్ను ఆపరేషన్ ఆగిపోయింది. టీవీ చూస్తే కళ్ళు మంటలు. ఊరికే కూచుందామంటే ఆవిడ నోరు కూచోనివ్వదు.

"అమ్మమ్మా, నీకు చూడక్కర్లేనివి పెడతానుండు" అని మనవరాలే ఒక సాయంత్రం ఫోన్‌లో డిటెక్టివ్ నాటకాలు వెతికి, చిన్న స్పీకర్‌కి కలిపి హాలు మధ్యలో బల్ల మీద పెట్టింది. అన్నీ విని తెలుసుకోవాల్సినవే. తలుపు కిర్రుమంటుంది, మెట్ల మీద ఎవరిదో అడుగుల చప్పుడు, గ్లాసులో చెంచా తిప్పుతున్న శబ్దం, ఆపైన దభీమని ఎవరో పడతారు. అందులో డిటెక్టివ్ ఒక ముసలి తాళాలవాడు. బాగుచేయడానికి వచ్చిన తాళాన్ని వదిలేసి ఆ ఇంటి గుట్టంతా విప్పుతాడు. పక్కన సణుగుడు శిష్యుడొకడు. మొదటి నాటకం అయ్యేసరికే అత్తగారు కుర్చీ అంచుకి వచ్చేసింది. రెండో నాటకానికి పనిమాలా పక్కింటివాళ్ళ తలుపు ముందు నిలబడి, హంతకుడెవరో చెప్పేసి మరీ వచ్చింది.

ఆ తర్వాత ఇల్లే మారిపోయింది. అంతకుముందు సాయంత్రాలు వార్తలు పెట్టుకుని, అంకెలు చూసి, దిగాలుపడి కూచునేవాళ్ళు. ఇప్పుడు పొద్దు వాలుతోందంటే నలుగురికీ హడావుడే. ఆఖరి భాగానికి ముందు ఆపేసి, ఎవరికి వాళ్ళు దోషి పేరు చెప్పాలని ఒక నియమం పెట్టుకున్నారు. తప్పు చెప్పినవాళ్ళు అంట్లు తోమాలి. అత్తగారికి ఆ అవస్థ ఎప్పుడూ రాలేదు. "గొంతులో తడి ఆరింది చూడు, వాడే" అనేది. వాడే అయ్యేవాడు.

మేస్త్రికి మాత్రం ఆ స్పీకర్ ఏదో గొణిగినట్టుండేది తప్ప ముక్క అర్థమయ్యేది కాదు. అందరి మొహాలూ కనపడేలా గుమ్మం పక్కన కుర్చీ వేసుకునేవాడు. వాళ్ళు భయపడితే భయపడేవాడు, నవ్వితే నవ్వేవాడు, కాకపోతే క్షణం ఆలస్యంగా. పేరు చెప్పాల్సిన వంతు వస్తే ఫోన్ మీద కనిపించే బొమ్మలో ఎవరి మీసం పెద్దదైతే వాళ్ళ పేరు చెప్పేవాడు. ఒకసారి అలాగే బొమ్మలో ఉన్న ఎస్టేట్ యజమానే హంతకుడని ఘంటాపథంగా అనేశాడు.

"నాన్నా, చచ్చిపోయింది ఆయనే" అంది కూతురు.

ముగ్గురూ పడీపడీ నవ్వారు. మేస్త్రి కూడా, కాస్త ఆలస్యంగా, నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ వాళ్ళ నాన్న మొహం గుర్తొచ్చి లేచి వెళ్ళి అంట్లు ముందేసుకున్నాడు. ఆ ఇంట్లో గిన్నెలు అంత తళతళా మెరిసింది ఆ రోజుల్లోనే.

నవ్వుతో పోతే బాగానే ఉండేది. ఒక మధ్యాహ్నం భార్య పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడి ఏదో చెబుతోంది. ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వీపుని చూసి ఏం కనిపెడతాడు? మాట ఆగినట్టనిపించిన చోట, అలవాటు ప్రకారం, "ఊఁ, బాగుంది" అన్నాడు. ఆమె గిర్రున తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు. అంతలోనే మొహం తలుపేసినట్టు మూసుకుపోయింది. ఏం కొంప మునిగిందో మేస్త్రికి తెలియలేదు.  అడిగితే, "ఇప్పుడే కదా చెప్పాను" అంటుంది. అన్నాక అంతా విప్పాల్సి వస్తుంది. నీళ్ళు నమిలి ఊరుకున్నాడు. ఆ రోజునించీ ఆమె ఆయనతో కావలసినంతే మాట్లాడుతోంది. అన్నం పెట్టాను, బట్టలు ఆరేశాను, అంతవరకే.

మేస్త్రికి లోపల ఒకటే గుబులు. షెడ్డు తెరిచేలోగానే ఇంట్లో మూల తయారవుతోంది, ఎవరూ చూపించకుండానే. ఏదో ఒకటి చెయ్యాలి. కనీసం ఆ నాటకం సంగతైనా తేలితే, నలుగురితో పాటు నవ్వి, నలుగురితో పాటు పేరు చెప్పి, మనిషినని అనిపించుకోవచ్చు.

అలా చాలా రోజులు గడిచాక, ఒక మధ్యాహ్నం భార్య, అత్తగారు కునుకు తీస్తున్నారు. కూతురు తలుపేసుకుని ఎవరి ఫిర్యాదో వింటోంది. మేస్త్రి తేలు కుట్టిన దొంగలా చప్పుడు కాకుండా హాల్లోకి వచ్చి, తన ఫోన్‌ని కలిపి, నాటకం సన్నగా పెట్టి, స్పీకర్‌ని ఒడిలో పెట్టుకున్నాడు. సంచిలోంచి పొడుగు స్క్రూడ్రైవర్ తీశాడు. కొన స్పీకర్ డబ్బాకి, పిడి చెవి వెనక ఎముకకి. అలవాటైన పనే. కళ్ళు మూసుకున్నాడు.

వాన కురుస్తోంది.

అది వాన అని తెలియడానికే ఆయనకి కొంచెంసేపు పట్టింది. రేకుల మీద వాన, ఆ వానలో ఎవరో పరుగెత్తుకొస్తున్నారు, బురదలో చెప్పులు చప్పుచప్పుమంటున్నాయి. ఎవరో దగ్గారు. ముసలి తాళాలవాడు కీచుగొంతుతో, "తలుపు లోపల్నించి వేసుంది, మనిషి మాత్రం బయట చచ్చిపోయాడు, ఇదేం తాళంరా అబ్బాయ్" అన్నాడు. శిష్యుడు సణిగాడు. మేస్త్రి కళ్ళు తెరవలేదు.  ఒక్కొక్క మాటా కడిగిన ముత్యంలా లోపలికి దిగుతోంది. ఆ ముసలాడి హాస్యానికి ఒక్కడే కూచుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వాడు. ఇంత సరదా పక్కనే జరుగుతుంటే ఇన్నాళ్ళూ మీసాలు చూస్తూ కూచున్నానే అని ఏడుపు కూడా వచ్చింది. నిజంగానే రెండు చుక్కలు రాలాయి. ఎవరూ చూడలేదు కాబట్టి తుడుచుకోలేదు.

ఆ రోజు సాయంత్రం అందరూ కలిసి వినాల్సిన నాటకాన్ని ఆఖరి భాగం వదిలేసి మొత్తం వినేశాడు. కొండవాలు బంగళా. యజమాని హత్య. అనుమానం నలుగురి మీద: కుటుంబ డాక్టరు, మేనల్లుడు, మేనేజరు, వంటమనిషి. హత్య జరిగిన సాయంత్రం బంగళా ముందునించి ఒక కారు వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున, ఏమీ ఎరగనట్టు, నిన్నంతా కింద ఊళ్ళోనే ఉన్నానంటూ డాక్టరు తన కారులో దిగాడు. మేస్త్రి వెనక్కి జరిపి మళ్ళీ విన్నాడు. ఇంకోసారి విన్నాడు. స్క్రూడ్రైవర్ తీసి ఒళ్ళో పెట్టుకుని, ఒంటరిగా, తృప్తిగా తలాడించాడు.

సాయంత్రం ఆఖరి భాగానికి ముందు కూతురు నాటకం ఆపింది. "చెప్పండి" అంది.

"మేనల్లుడు" అంది అత్తగారు. "ఆస్తి అన్నప్పుడల్లా వాడికి పొలమారుతోంది."

భార్య మేనేజరంది. కూతురు కూడా మేనేజరే అంది.

"డాక్టరు" అన్నాడు మేస్త్రి. ఈసారి ఫోన్ బొమ్మకేసి చూడలేదు. కుర్చీలో వెనక్కి వాలి కాలు మీద కాలేసుకున్నాడు. "సాయంత్రం వెళ్ళిపోయిన కారు, పొద్దున డాక్టరు దిగిన కారు, రెండూ ఒకటే. రెండింట్లోనూ ఒకటే ట్యాపెట్ కొట్టుకుంటోంది. టిక్కు, టిక్కు, ఒక సందు, మళ్ళీ టిక్కు. ఊళ్ళో ఉన్నానన్నాడు చూడు, పచ్చి అబద్ధం."

 కూతురు నోరు వెళ్ళబెట్టింది. వెనక్కి జరిపి, స్పీకర్‌ని చెవికి దగ్గరగా పెట్టుకుని వింది. సాయంత్రం కారు: టిక్కు. పొద్దున కారు: టిక్కు. "నాన్న చెప్పింది నిజమే" అంది. భార్య కూడా వింది. చాలా రోజుల తర్వాత ఆయన మొహంలోకి నేరుగా చూసింది. మేస్త్రికి పట్టరాని సంతోషం.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. కూతురికి ఏదో తట్టింది. ఆఖరి భాగం మొదలుకి జరిపింది. పోలీసు జీపు వచ్చింది. అందులోనూ టిక్కు, టిక్కు, ఒక సందు, మళ్ళీ టిక్కు. పాత నాటకం ఒకటి తీసింది. అందులో టాక్సీ. అదే టిక్కు. ఇంకో దాంట్లో పెళ్ళికారు. అదీ టిక్కే.

"నాన్నా, నాటకాలవాళ్ళ దగ్గర ఉన్నదే ఒక్క కారు చప్పుడు" అంది కూతురు నవ్వాపుకుంటూ. "దాన్నే అందరికీ తగిలిస్తున్నారు. నీ లెక్కన పోలీసులూ హంతకులే, పెళ్ళికొడుకూ హంతకుడే."

ఆఖరి భాగం పెట్టారు. మేనల్లుడే. డాక్టరు పాపం నిజంగా ఊళ్ళోనే ఉన్నాడు. ఇంతటి తప్పు ప్రపంచంలో ఇంకెవరూ చెయ్యలేరని కూతురు కడుపు పట్టుకుని నవ్వింది. భార్య పెదవుల మీద కూడా నవ్వొచ్చింది. నవ్వనిది అత్తగారొక్కతే. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆపరేషన్ అయిన కంటితో అల్లుడినే పరీక్షగా చూస్తోంది. 

"అల్లుడుగారూ" అంది ఆవిడ తాపీగా, ఆయన వైపే తిరిగి. "మీరు తలుపు దగ్గరే కూచుంటారు, బెల్లు కొడితే లేవరు. కుక్కర్ పక్కనే నిలబడతారు, ఎన్ని కూతలు వచ్చాయో చెప్పలేరు. అమ్మాయి వెనకనించి పిలిస్తే పలకరు, ఎదురుపడితే మాత్రం అది నోరు తెరవకముందే నవ్వుతారు. మొదట్లో ఇదంతా పొగరనుకున్నాను. తర్వాత మా అమ్మాయంటే మొహం మొత్తిందేమో అనుకున్నాను. చెవుల సంగతేమో అని అనుకోకపోలేదు, కానీ చెవుడున్న మనిషి అంత నెమ్మదిగా మాట్లాడతాడా అని కొట్టిపారేశాను. ఇవాళ ఆ టిక్కు వినపడిందన్నారే, అక్కడ నా బుర్ర తిరిగింది. టిక్కు వినపడిన మనిషికి బెల్లెందుకు వినపడదు? ఇందులో ఏదో తిరకాసుంది, ఆ చెవుల సంగతి ఇవాళ తేల్చాల్సిందే."

"అమ్మా, ఊరుకో" అంది భార్య.

అత్తగారు ఊరుకోలేదు. బల్ల మీదున్న గుడ్డ మాస్కు తీసి ముక్కూ మూతీ కనపడకుండా తగిలించుకుని, మామూలు గొంతుతో ఒక ప్రశ్న అడిగింది. మేస్త్రి చూశాడు. గుడ్డ కొంచెం కదిలింది. అంతే. భార్య మొహం చూశాడు, అక్కడ జవాబు లేదు. కూతురి మొహం చూశాడు. అంతసేపూ నవ్విన పిల్ల మొహం ఉన్నట్టుండి పాలిపోయింది.

"ఊఁ" అన్నాడు చివరికి. "బాగుంది."

అత్తగారు మాస్కు తీసేసింది. "మీరు నిన్న అన్నం తిన్నారా అని అడిగాను బాబూ" అంది. గొంతులో గెలిచిన గర్వం ఇసుమంతైనా లేదు.

ఇక దాచడానికేముంది? మేస్త్రి తల దించుకున్నాడు. ఎప్పుడు మొదలైందో, ఎలా నెట్టుకొచ్చాడో, నాన్న సంగతి, గేటు పక్క మూల సంగతి, మధ్యాహ్నం స్క్రూడ్రైవర్ సంగతి, అంతా చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ నేలకేసే చూశాడు. తలెత్తేసరికి భార్య ఆయన ఎదురుగా చాప మీద కూచుని ఉంది.

"ఆ రోజు వంటింట్లో నేను చెప్పింది?" అంది, ఒక్కో మాటా విడదీసి.

"వినపడలేదు. నీ ఏడుపు చూశాను. ఎందుకో తెలియలేదు."

"నా పక్క కౌంటర్ పిల్లని ఆస్పత్రిలో వేశారని చెప్పాను. మీరు బాగుందన్నారు."

మేస్త్రి రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "ఆ పిల్లకి ఎలా ఉంది?"

"తగ్గింది. ఇంటికొచ్చేసింది." ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆ వెంటనే కోపం తన్నుకొచ్చింది. "మిమ్మల్ని ఎన్ని తిట్టుకున్నానో తెలుసా? రాయి అనుకున్నాను. నాతో ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయేది? నేనూ ఆ గేటు దగ్గర నిలబడి నవ్వేదాన్నా?"

ఈ మాటలు ఎదురుగా, దగ్గరగా, గట్టిగా వచ్చాయి కాబట్టి ఒక్కటీ పోలేదు. మేస్త్రి అన్నీ మాట్లాడకుండా పుచ్చుకున్నాడు. నిజం చెప్పాలంటే, తిట్లే అయినా, అన్ని మాటలు ఒక్కసారిగా తనవైపు వచ్చి ఎన్నాళ్ళయిందో అనిపించింది ఆయనకి.

కూతురు అప్పటికే ఫోన్ పట్టుకుంది. ఫిర్యాదులు వినే ఉద్యోగం కదా, ఎవరి దగ్గర పని జరుగుతుందో కూపీ లాగడం దానికి వెన్నతో పెట్టిన విద్య. మర్నాటికల్లా ఒక చెవుల డాక్టరమ్మని వీడియోలో పట్టుకొచ్చింది. డాక్టరమ్మ అన్నీ అడిగింది. నాన్న చెవుల సంగతి అడిగింది. స్క్రూడ్రైవర్ సంగతి రెండుసార్లు అడిగి రాసుకుంది. ఇంకో ఫోన్‌ని అదిరేలా పెట్టి ఒకసారి చెవి ముందు, ఒకసారి చెవి వెనక ఎముక మీద ఆనించి, ఎక్కడ గట్టిగా వినపడుతోందో చెప్పమంది. ఎముక మీదే అన్నాడు మేస్త్రి, రెండు చెవులకీ.

"ఎదురుగా చూసి పరీక్ష చెయ్యకుండా ఖాయంగా ఏదీ చెప్పను" అంది డాక్టరమ్మ. కూతురు ఆ మాటల్ని పక్కనించి గట్టిగా మళ్ళీ చెబుతోంది. "కానీ లోపలి నరం బాగానే ఉన్నట్టుంది. శబ్దం లోపలికి వెళ్ళే దారిలో చిన్న ఎముక ఏదో బిగుసుకుపోయి ఉండాలి. ఇలాంటివి కొన్ని ఇళ్ళలో వంశపారంపర్యంగా వస్తాయి. ఆస్పత్రులు తెరిచాక రండి. ఆపరేషనో, చెవి మిషనో, మీకు ఏదో ఒక దారి ఉంటుంది."

 "అంటే ఇంజను బాగానే ఉంది" అన్నాడు మేస్త్రి.

"ఇంజను బాగానే ఉంది" అంది డాక్టరమ్మ.

వాళ్ళ నాన్నకి కూడా ఏదో ఒక దారి ఉండే ఉంటుంది. ఆ సంగతి తలుచుకుని మేస్త్రి చాలాసేపు కిటికీ దగ్గరే నిలబడిపోయాడు. అప్పుడు ఎవరూ ఎవర్నీ అడగలేదు. ఆయనా ఎవరికీ చెప్పలేదు.

అయినా అసలు గండం గడవలేదు. షెడ్లు వచ్చే వారం తెరవొచ్చని చెప్పుకుంటున్నారు. తెరిస్తే మూతులన్నీ మాస్కుల వెనకే. పెదవులు కనపడవు. ఇక నటించడం కుదరదు. ఓనరుకి చెప్పాలి, చెప్పి ఏ మూల చూపిస్తే ఆ మూలకి పోవాలి. రెండు రోజులు ఫోన్ చేతిలోకి తీసుకోవడం, మళ్ళీ పెట్టెయ్యడం. ఇంట్లో ఎవరూ తొందరపెట్టలేదు. మూడో నాడు పొద్దున టీ తాగి, గ్లాసు కింద పెట్టి, ఎవరితో ఏమీ అనకుండా నంబరు నొక్కాడు. ఫోన్‌ని చెవి వెనక ఎముకకి అదిమిపెట్టాడు.

"ఓనరుగారూ, నాకు చెవులు సరిగ్గా వినపడవు" అన్నాడు. పలకరింపు కూడా లేదు. "ఇంజను వినపడుతుంది, మనుషులు వినపడరు. చాలా ఏళ్ళైంది. మీ దగ్గర దాచాను."

 

"మీ నాన్నలాగానా?" అన్నాడు ఓనరు. ఇద్దరూ ఆ షెడ్డులోనే ఆడుకుని పెరిగినవాళ్ళు. అప్పట్లో షెడ్డు ఓనరు వాళ్ళ నాన్నది.

"అవును. ఆ మూల నాకూ ఇస్తారేమో ఇప్పుడే చెప్పెయ్యండి."

"మూల ఇవ్వడమేమిటి మేస్త్రీ? మీ నాన్నకి ఆ మూల ఎవరిచ్చారనుకున్నావు?" ఓనరు గొంతు పెరిగింది. "మా నాన్న చచ్చేదాకా ఆ మాటే అనుకుని బాధపడేవాడు. రోజూ లోపలికి రమ్మని పిలిచేవాడట. మీ నాన్నే వచ్చేవాడు కాదు. ఇక్కడ బాగానే ఉందని చెయ్యి ఊపేవాడట. పనివాళ్ళు నవ్వుతున్నారని మా నాన్న ఇద్దర్ని పనిలోంచి తీసేశాడు కూడా. అయినా ఆయన కదల్లేదు. ఎవరైనా పంపితే వెనక్కి తీసుకురావచ్చు. తనంతట తను వెళ్ళి కూచున్న మనిషిని ఏం చేస్తాం?"

 మేస్త్రి గుమ్మం పక్కన వేసుకున్న తన కుర్చీకేసి చూశాడు.

"వింటున్నావా?" అన్నాడు ఓనరు.

"వింటున్నాను."

"తెరిచాక బండి దగ్గర నువ్వుండు. వచ్చినవాళ్ళతో నేను మాట్లాడి, నీకు ఎదురుగా నిలబడి చెబుతాను. ఆపరేషన్ ఎప్పుడంటే అప్పుడు వెళ్ళు. ఇంకోసారి మూలా గీలా అన్నావంటే ఊరుకోను."

ఫోన్ పెట్టేసి మేస్త్రి వంటింట్లోకి వెళ్ళాడు. భార్య గిన్నెలు కడుగుతోంది. ఓనరు అన్నదంతా చెప్పాడు. నాన్న సంగతి కూడా చెప్పాడు. ఆమె ఆయన మొహంలోకి చూస్తూ అంతా వింది. తర్వాత మళ్ళీ కుళాయి వైపు తిరిగి, నీళ్ళ చప్పుడులో, తనలో తను అనుకున్నట్టుగా ఏదో అంది.

ఊఁ అనేస్తే సరిపోతుంది. ఇన్నేళ్ళూ చేసిందదే. మేస్త్రి వెళ్ళి కుళాయి కట్టేశాడు.

"నాకు వినపడలేదు" అన్నాడు. "మళ్ళీ చెప్పు."

ఆ మాట ఆయన నోట్లోంచి రావడం ఆమె ఎన్నడూ వినలేదు. చేతులు తుడుచుకుంటూ, "ఏం లేదులెండి" అంది, అలవాటుగా.

"ఏం లేదని కాదు. చెప్పు."

ఆమె ఆయనకి ఎదురుగా తిరిగింది. "మీతో చెప్పాల్సినవి చాలా పేరుకుపోయాయి అన్నాను" అంది.

మేస్త్రి స్టూలు లాక్కుని ఆమె ముందు కూచున్నాడు. "మొదటినించీ చెప్పు" అన్నాడు.